చర్మం మానింది, అలవాట్లు మానలేదు: తీవ్రమైన ఎగ్జిమాతో బాల్యం నుంచి పెద్దవయసు దాకా

పొడిగాలి (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. నాకు 36 ఏళ్లు. నాలుగో నెలలో బుగ్గల మీద మొదలైన ఎగ్జిమా ఏడాది క్రితం వరకూ నన్ను వదిలిపెట్టిన కాలమంటూ లేదు. పసితనంలో ముఖం, బడి వయసులో మోచేతి మడతలూ మోకాళ్ల వెనక భాగమూ, పదిహేనేళ్లకు మెడా కనురెప్పలూ, ఉద్యోగంలో చేరాక చేతులూ. చోటు మారిందే తప్ప జబ్బు మారలేదు. పూత మందులు, అతినీలలోహిత కిరణాల చికిత్స, రోగనిరోధక వ్యవస్థను అణచే సైక్లోస్పోరిన్, మెథోట్రెక్సేట్ అన్నీ అయ్యాక, ఏడాదిగా రెండు వారాలకు ఒకసారి డుపిలుమాబ్ సూది మందు తీసుకుంటున్నాను. బుద్ధెరిగిన తరువాత నా చర్మం ఇంత నిమ్మళంగా ఉండగా నేను చూడటం ఇదే మొదటిసారి.

ఈ చర్చ మొదలుపెట్టడానికి కారణం ఆ నిమ్మళమే. దురద లేకపోయినా రాత్రి రెండు గంటలకు మెలకువ వస్తూనే ఉంది. బట్టలు కొనేటప్పుడు చేతులు పొడవుగా ఉన్నాయా, రక్తపు మరక కనబడని రంగేనా అని ముందు చూస్తున్నాను. నచ్చిందా లేదా అన్నది ఆ తరువాతి మాట. ఎవరైనా కరచాలనానికి చేయి చాపితే నా చేయి ఒక్క క్షణం జంకుతుంది. నేను పుట్టుకతోనే బిడియస్థుడినని ఇన్నేళ్లూ నమ్మాను. తీరా చర్మం మానాక చూసుకుంటే, నా స్వభావం అనుకున్న వాటిలో చాలా భాగం జబ్బు నేర్పిన అలవాట్లేమోనన్న అనుమానం కలుగుతోంది.

మందుల సలహాల కోసం ఇది రాయడం లేదు. తీవ్రమైన ఎగ్జిమా మీ తరఫున, మీకు తెలియకుండానే, ఏయే నిర్ణయాలు తీసుకుందో రాయమని కోరుతున్నాను.

రెండోజాము

మా అమ్మాయికి ఆరేళ్లు. మీ రెండు గంటల మెలకువ గురించి చదివి కాసేపు ముందుకు సాగలేకపోయాను, ఎందుకంటే ప్రస్తుతం మా ఇంట్లో ఆ సమయానికి ముగ్గురమూ మేలుకునే ఉంటాము. నన్ను లేపేది ఏడుపు కాదు, శబ్దం. గోళ్లు ముందు దుప్పటి మీద గీరుకుంటాయి, తరువాతే చర్మం దాకా వెళతాయి; ఆ గరగర వినబడిందంటే ఎంత గాఢనిద్రలో ఉన్నా లేచి కూర్చుంటాను. చేతులకు పలుచని నూలు తొడుగులు వేస్తే, కళ్లు తెరవకుండానే వాటిని పళ్లతో లాగి పడేసి మరీ గోక్కుంటుంది. ఉదయం దుప్పటి దులిపితే పొట్టు రాలుతుంది. రసి ఎండి ఒంటికి అతుక్కుపోయిన లోపలి చొక్కాను గోరువెచ్చని నీళ్లతో తడిపి, అంగుళం అంగుళం విడదీసి, అప్పుడు బడికి తయారుచేయాలి. ఆ పది నిమిషాలూ తను ఏడవదు. పళ్లు బిగబట్టి గోడ వైపు చూస్తూ నిలబడుతుంది, అది చూడటమే నాకు ఎక్కువ కష్టం.

రోజంతా నేను తనతో ఎక్కువసార్లు అనే మాట "గోకకు". ఒక సెలవురోజు లెక్కపెట్టాను. మధ్యాహ్నం లోపే నలభై దాటడంతో లెక్క వదిలేశాను. పెద్దయ్యాక నా గొంతు తనకు ఆ ఒక్క మాటతోనే గుర్తుండిపోతుందేమోనని భయంగా ఉంది. పొడిగాలి గారూ, ఆ వయసులో రాత్రిపూట మీకు ఏం కావాలనిపించేదో గుర్తుంటే చెప్పగలరా?

పైపొర (చర్మ వైద్యులు)

రెండోజాము గారూ, రాత్రి దురద పెరగడం బిడ్డ మొండితనమూ కాదు, మీ గారాబమూ కాదు. శరీరంలో సహజంగా తయారై వాపును అదుపులో ఉంచే కార్టిసాల్ రాత్రివేళ తగ్గుతుంది. పడుకున్నాక చర్మం వేడెక్కుతుంది. చర్మం గుండా తేమ పగటికంటే ఎక్కువగా పోతుంది. పైగా దృష్టి మళ్లించే ఆటగానీ మాటగానీ ఉండవు. గోకితే చర్మం మరింత చిట్లుతుంది, చిట్లిన చర్మం మరింత దురద పెడుతుంది. చాలామంది అనుకునేదానికి భిన్నంగా, అలర్జీలో దురద పుట్టించే హిస్టమిన్ అనే రసాయనం ఇందులో ముఖ్య పాత్రధారి కాదు. ఇంటర్‌ల్యూకిన్-4, 13, 31 వంటి సంకేత ప్రోటీన్ల పాత్రే పెద్దది. అందువల్లనే మగత తెచ్చే యాంటీహిస్టమిన్ మాత్రలు వేసినా దురద పెద్దగా తగ్గదు, మగత మాత్రం మరునాడు తరగతి గదిలోకి కూడా వస్తుంది.

మరొక మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ జబ్బులో తల్లులు మోసే నింద చాలా ఎక్కువ. చర్మపు పైపొరను గట్టిగా నిలిపే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జన్యువులో లోపాలుంటే ఎగ్జిమా ముప్పు బాగా పెరుగుతుందని 2006లో తేలింది. రోగులందరిలోనూ ఆ లోపం ఉండదు గానీ, జబ్బుకు పునాది పుట్టుకలోనే ఎంతవరకు ఉండగలదో దాన్నిబట్టి అర్థమవుతుంది. పుట్టిన నాటి నుంచీ ఒంటికి తేమ క్రీములు రాస్తే ఎగ్జిమా రాకుండా ఆపవచ్చా అని చూసిన రెండు పెద్ద పరిశోధనలు 2020లో వెలువడ్డాయి. రెండింటిలోనూ ఆపలేమనే తేలింది. ఉన్న జబ్బుకు ఆ క్రీములు తప్పనిసరే, కానీ "మొదటి నుంచీ సరిగ్గా రాసి ఉంటే వచ్చేది కాదు" అని మిమ్మల్ని ఎవరైనా అంటే ఆ మాటకు ఆధారం లేదు.

జీవన నాణ్యతను కొలవడానికి మా దగ్గర ప్రశ్నావళులు ఉన్నాయి. పెద్దలకు 1994లోనూ, 4 నుంచి 16 ఏళ్ల పిల్లలకు 1995లోనూ వచ్చినవి ఇప్పటికీ వాడుతున్నాము. ఒక్కొక్కదానిలో 10 ప్రశ్నలు, మొత్తం 30 మార్కులు. పెద్దల పత్రంలో 10 దాటితే జీవితంపై ప్రభావం చాలా ఎక్కువని లెక్క. పిల్లల పత్రంలో నిద్ర, ఆట, స్నేహాలు, దుస్తులు, వెక్కిరింపులు కూడా ఉంటాయి. అయితే రెండూ అడిగేది గడిచిన ఒక్క వారం గురించే. పొడిగాలి గారి ప్రశ్న ముప్పై ఏళ్ల గురించి. సోరియాసిస్ అనే మరో దీర్ఘకాల చర్మవ్యాధి విషయంలో 2010లో కొందరు పరిశోధకులు జీవితకాలంలో పేరుకుపోయే నష్టం అన్న ఆలోచనను ముందుకు తెచ్చారు, తరువాత దాన్ని ఎగ్జిమాకూ అన్వయించారు. మా గదుల్లో మాత్రం ఇప్పటికీ వారం లెక్కే నడుస్తోంది.

పొడిగాలి

వైద్యులు గారు చెప్పిన పెద్దల పత్రాన్ని నేను పది పన్నెండు సార్లు నింపి ఉంటాను. అందులో "గడిచిన వారం మీ చర్మం వల్ల ఆటలు ఆడటం కష్టమైందా?" అన్న అర్థం వచ్చే ప్రశ్న ఒకటి ఉంటుంది. చెమట పడితే మెడ భగ్గుమంటుందని నేను పన్నెండో ఏటే ఆటలు మానేశాను. మానేసినవాడికి కష్టమేముంటుంది? "నాకు వర్తించదు" అన్న గడిలో గుర్తు పెట్టేవాడిని, దానికి సున్నా మార్కులు. ఈత విషయమూ అంతే. అంటే నేను జీవితంలో ఎన్ని వదులుకుంటే, కాగితం మీద నా ప్రాణం అంత సుఖంగా ఉన్నట్టు కనబడేది.

రెండోజాము గారి ప్రశ్నకు జవాబు రాయడానికి కొంత సమయం కావాలి. మరిచిపోను.

సుద్దముక్క

నేను ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిని. బయటినుంచి చూసిన మనిషిగా రెండు సంగతులు రాస్తాను.

మొదటిది పేరు గురించి. మన భాషలో ఈ జబ్బుకు సరైన పేరు జనం నోట లేదు. కనబడగానే గజ్జి అంటారు, కాస్త మర్యాదగా అనాలనుకుంటే తామర అంటారు. గజ్జి పురుగు వల్ల వస్తుంది, తామర శిలీంధ్రం వల్ల వస్తుంది, రెండూ అంటుకునేవే, ఎగ్జిమా అంటుకోదు. కానీ పేరు అంటుకున్నాక వివరణ ఎవరు వింటారు? నా తరగతిలో ఒక బాబు ఉండేవాడు. పిల్లలందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడే ఆటలో, వాడికి రెండు పక్కలా ఉన్నవాళ్లు వాడి చేతులు పట్టుకోకుండా చొక్కా చేతుల అంచులు రెండు వేళ్లతో పట్టుకునేవారు. వాడు దానికి ఎంత అలవాటు పడ్డాడంటే, ఆట మొదలయ్యే ముందే తన చొక్కా చేతులను వేళ్ల చివరిదాకా లాగి సిద్ధంగా ఉంచేవాడు. అది గమనించడానికి నాకు రెండు నెలలు పట్టింది.

రెండవది నా తప్పు. ఉదయం మొదటి రెండు పీరియడ్లలో వాడు కునికిపాట్లు పడేవాడు, మిగిలిన సమయంలో కుదురుగా కూర్చునేవాడు కాదు. శ్రద్ధ లేదని ఇంటికి చీటీ రాశాను. వాడు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడని అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు.

నిక్కచ్చి

అందరి బాధనూ గౌరవిస్తూనే ఒక భిన్నాభిప్రాయం చెప్పదలచుకున్నాను. నాకూ చిన్నప్పుడు ఎగ్జిమా ఉండేది, పన్నెండేళ్లకు పోయింది, ఇప్పుడు ఏ గుర్తూ లేదు. చాలామంది పిల్లల్లో ఇది వయసుతో తగ్గుతుందనే మాకు చెప్పారు. బిడియం, మెలకువ, దుస్తుల ఎంపిక అన్నింటినీ జబ్బు ఖాతాలో వేస్తే, రేపు ఏ వైఫల్యాన్నైనా అక్కడే జమ చేసుకోవచ్చు కదా? జబ్బు లేనివారిలోనూ బిడియస్థులు ఉంటారు.

పైపొర

నిక్కచ్చి గారూ, మీ అనుభవం అరుదైనది కాదు. బాల్యంలో వచ్చిన ఎగ్జిమా చాలామందిలో యుక్తవయసు నాటికి శాంతిస్తుంది. అయితే మొదటి నుంచీ తీవ్రంగా ఉన్నవారిలో, ఏళ్ల తరబడి ఆగకుండా కొనసాగినవారిలో అది పెద్దవయసుకు కూడా వెంట వచ్చే అవకాశం ఎక్కువ; ఆస్తమా, ముక్కు అలర్జీ తోడైతే మరీనూ. "పెద్దయితే అదే పోతుంది" అన్న మాట చాలామందికి నిజమే, మిగిలినవారిని మాత్రం పదేళ్లపాటు సరైన చికిత్సకు దూరంగా కూర్చోబెడుతుంది.

ఒక్క మనిషి విషయంలో ఏది స్వభావం, ఏది జబ్బు అని ఎవరూ విడదీయలేరు. కానీ ఎగ్జిమా ఉన్నవారిలో కుంగుబాటు, ఆందోళన ఎక్కువగా కనబడతాయని, జబ్బు తీవ్రమైనకొద్దీ పెరుగుతాయని చాలా పరిశోధనలు చూపాయి. చనిపోవాలన్న ఆలోచనలు కూడా ఎక్కువే. చదువుతున్నవారిలో ఎవరికైనా అలాంటి ఆలోచనలు వస్తుంటే, దయచేసి చర్మం గురించి చెప్పినంత సూటిగా వైద్యులకు ఆ సంగతి కూడా చెప్పండి.

నిలువుటద్దం

నాకు 19 ఏళ్లు. నేను ఈ చర్చలో అందరికంటే చిన్నవాడినేమో. పదమూడేళ్ల నుంచి నాది ముఖం మీద జబ్బు. చేతుల మీద ఉంటే చొక్కా కప్పుతుంది, ముఖాన్ని ఏది కప్పుతుంది? నా చర్మం రంగు ముదురు కాబట్టి ఎరుపు కనబడదు, బూడిద రంగులోనో ఊదా రంగులోనో మచ్చలు తేలతాయి. అందువల్ల జబ్బు ఎంత మండుతున్నా చూసిన కొందరు వైద్యులకు తక్కువగానే అనిపించేది. తగ్గిన తరువాత కూడా నల్లమచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి. బడిలో చివరి మూడేళ్ల గుంపు ఫోటోలలో నేను ఎక్కడున్నానో కనిపెట్టడం కష్టం, ఎందుకంటే ప్రతిసారీ కెమెరా క్లిక్‌మనే వేళకు ఏదో వంకతో తల వంచుకున్నాను.

స్టెరాయిడ్ క్రీములు చర్మాన్ని పాడుచేస్తాయని ఎక్కడెక్కడో చదివి, ఎవరికీ చెప్పకుండా పరీక్షలకు నెల ముందు అన్నీ ఆపేశాను. మూడో వారంలో ముఖమంతా వాచి, జ్వరంతో పాటు ఒకే పరిమాణంలో గుండ్రని చిన్న పుండ్లు గుంపులుగా లేచాయి. ఆసుపత్రిలో ఉంచి వైరస్‌ను అణచే మందు ఇచ్చారు. ఆ ఏడాది పరీక్షలు రాయలేకపోయాను. నా తరగతివాళ్లందరూ ఒక ఏడాది ముందుకు వెళ్లిపోయారు. ఎగ్జిమా తీసుకున్న నిర్ణయం అంటే నాకు ఇదే.

పైపొర

మందుల చర్చ వద్దన్నారు గానీ ఇది వదిలేయలేను. నిలువుటద్దం గారికి వచ్చినట్టు జ్వరంతో, ఒకే తీరు పుండ్లు గుంపుగా లేస్తే అది హెర్పిస్ వైరస్ ఎగ్జిమాపై పాకడం కావచ్చు. మరునాటి దాకా ఆగకుండా అదే రోజు వైద్యం అందాలి. స్టెరాయిడ్ పట్ల భయానికి కారణం లేకపోలేదు: బలమైన రకాన్ని ముఖం మీద నెలల తరబడి, పర్యవేక్షణ లేకుండా రాస్తే చర్మం నిజంగానే పలుచబడుతుంది. కానీ తగిన బలం, తగిన పరిమాణం, తగినన్ని రోజులు అన్నవి పాటిస్తే అది ఎన్నో ఏళ్లుగా నమ్మదగిన మందు. ట్యూబు నుంచి పెద్దవారి చూపుడువేలి చివరి కణుపు మీద గీతలా పిండితే సుమారు అర గ్రాము వస్తుంది, అది వేళ్లతో సహా రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. ముఖానికీ కనురెప్పలకూ టాక్రోలిమస్ వంటి స్టెరాయిడ్ కానివి కూడా ఉన్నాయి. ఇక నా ఉపన్యాసం ఆపుతాను.

తడిచేతులు

నేను పదకొండేళ్లు నర్సుగా పనిచేశాను. చిన్నప్పటి ఎగ్జిమా పద్నాలుగేళ్లకు తగ్గింది, అందరూ సంతోషించారు, నేను నర్సింగ్ చదివాను. పసితనంలో ఎగ్జిమా ఉన్నవారి చేతులు రోజుకు ఇన్నిసార్లు నీళ్లు, సబ్బు, శానిటైజర్, చేతి తొడుగుల చెమట తట్టుకోవడం కష్టమని ఆ చదువులో చేరేముందు ఒక్కరు కూడా చెప్పలేదు. రెండో ఏట వేళ్ల మడతల్లో పగుళ్లు మొదలయ్యాయి. పగుళ్ల మీద శానిటైజర్ పడిన ప్రతిసారీ మాట ఆగిపోయేది, రోగి ముందు ముఖం మారకుండా చూసుకోవడమే పెద్ద విద్య అయిపోయింది. వేళ్ల కొసలు ఎంతగా అరిగాయంటే హాజరు యంత్రం నా వేలిముద్ర గుర్తించేది కాదు. పది వేళ్లూ మార్చి మార్చి పెట్టి, వెనక వరుస పెరిగిపోతుంటే, చివరికి పుస్తకంలో సంతకం పెట్టేదాన్ని. ఇంటికి వచ్చాక చొక్కా గుండీలు కూడా విప్పుకోలేకపోయిన రోజులున్నాయి.

పుండ్లున్న చేతులతో వార్డులో ఉండటం రోగులకూ ప్రమాదమే కాబట్టి నన్ను కాగితాల పనికి మార్చారు. అది న్యాయమే, వాదించలేదు. కానీ నాకు రాయడం కోసం కాదు, మనుషులను ముట్టుకుని ఉపశమనం ఇవ్వడం కోసం ఆ వృత్తి కావాలి. క్షౌరం, వంట, శుభ్రత, పసిపిల్లల సంరక్షణ, చేతులు తడిసే పని ఏదైనా ఇదే కథ. పదిహేనేళ్ల పిల్లలున్న ఇళ్లలో ఈ మాట ముందే చెప్పుకోవాలి, భయపెట్టడానికి కాదు, తెలిసి ఎంచుకోవడానికి.

సగంమంచం

నా భర్తకు తీవ్రమైన ఎగ్జిమా. పక్కన పడుకునే మనిషి గురించి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. పెళ్లయిన మొదటి ఏడాది ఆయన వెన్ను మీద చేయి వేస్తే జరిగిపోయేవారు. నాకు అది అయిష్టంలా తోచేది. చాలాకాలం తరువాత ఒక రాత్రి, దీపం ఆర్పాక, తన చర్మం నా చేతికి గరుకుగా తగులుతుందని, నేను అసహ్యించుకుని పైకి చెప్పకుండా దాచుకుంటానేమోనని ఆయన భయమని చెప్పారు. నేను అనుకున్నదీ ఆయన అనుకున్నదీ రెండూ తప్పే, కానీ ఆ తప్పుతో ఏడాదిన్నర గడిచిపోయింది. ఇప్పుడు రాత్రి వీపుకు మందు రాసే పని నాది. ఆయనకు అందని చోటు కూడా అదే కదా. మొదట్లో అది సేవ, ఇప్పుడు రోజంతటిలో మేము తీరిగ్గా మాట్లాడుకునే పావుగంట.

పిల్లలను కనే విషయంలో మూడేళ్లు ఆలోచించాము. "నా రాత్రులు ఇంకొకరికి ఇవ్వలేను" అనేవారు. ఏం తేల్చుకున్నామో ఇక్కడ రాయను.

నిక్కచ్చి

నా మొదటి వ్యాఖ్య తీరు కటువుగా ఉందనిపిస్తోంది. అది ఉపసంహరించుకోవడం లేదు గానీ, చొక్కా చేతులు ముందే లాగి ఉంచుకున్న బాబును చదివిన తరువాత నాకు ఒకటి గుర్తొచ్చింది. మా తరగతిలో అలాంటి అమ్మాయి ఒకరుండేది. అంచు పట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను, అప్పటికి నా ఎగ్జిమా తగ్గి ఏడాదే.

పొడిగాలి

రెండోజాము గారూ, ఆలస్యానికి మన్నించండి.

మా ఇంట్లోనూ "గోకకు" అన్న మాటే వినబడేది. అంటున్నది ప్రేమతోనే అని పిల్లవాడికి తెలుసు, కానీ వినబడేది మాత్రం నువ్వు తప్పు చేస్తున్నావనే. నిద్రలో చేసిన దానికి ఉదయం సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చేది. దాంతో ఆరో ఏటికే చప్పుడు కాకుండా గోక్కోవడం నేర్చుకున్నాను: గోళ్లతో కాకుండా వేళ్ల వెనక కణుపులతో, దుప్పటి కింద, ఊపిరి బిగబట్టి. మీ పాప గరగర మీకు వినబడుతోందంటే తను ఇంకా మీకు దాచడం నేర్చుకోలేదని అర్థం. అది మంచి సంగతి.

మా నాన్నగారు రాత్రి విధుల నుంచి వచ్చిన రోజుల్లో మాత్రం వేరుగా ఉండేది. ఆయన "గోకకు" అనేవారు కాదు, "ఎక్కడ?" అనేవారు. చూపించిన చోట తడిగుడ్డ వేసి అరచేయి ఆనించి కూర్చునేవారు. దురద పోయేది కాదు. కానీ ఆ కాసేపు అది నా ఒక్కడి పని కాకుండా ఇద్దరి పని అయ్యేది. మీరు అడిగిన దానికి నాకు తెలిసిన జవాబు అంతే. క్రీము డబ్బా తన చేతికే ఇచ్చి, ఒక మోకాలు మీరు, ఒక మోకాలు తను రాసుకునేలా చేయండి. ఎక్కువ రాసి చొక్కా పాడైనా ఏమీ అనకండి.

ఈ చర్చలో నాకూ ఒకటి అర్థమైంది. రాత్రి రెండింటికి వచ్చే మెలకువను వదిలించుకోవాలని ఏడాదిగా పెనుగులాడుతున్నాను. బహుశా ఆ గంటకు నాన్నగారు తలుపు తీసుకుని వచ్చేవారు కాబట్టి కూడా లేస్తున్నానేమో.

రెండోజాము

నిన్న రాత్రి గరగర వినబడగానే అలవాటుగా "గో" వరకు నోట్లోకి వచ్చేసింది. మింగేసి "ఎక్కడమ్మా?" అన్నాను. కళ్లు మూసుకునే ఎడమ మోకాలు వెనక్కి చూపించింది. తడిగుడ్డ వేసి పట్టుకున్నాను. ఒంటిగంటన్నరకు పడుకుంది, నాలుగింటికి మళ్లీ లేచింది, ఈసారి తనే నా చేయి వెతికి లాగి మోకాలి మీద పెట్టుకుంది. సుద్దముక్క గారూ, మీరు రాసినది చదివాక పాప నిద్ర గంటలు రాసిన చీటీ ఒకటి ఈ ఉదయం వాళ్ల టీచరుకు పంపాను.